రెండోసారి నడిపితే ఏమవుతుంది?

చిరంజీవులకు,

మీ పెదనాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. పెద్దోడా, కొత్త ల్యాప్‌టాప్ సెట్ చేసుకునేసరికి శని, ఆదివారాలు రెండూ హరించుకుపోయాయని మొన్న ఫోన్లో వాపోయావు. "నాకైతే ఏ పైథాన్ వెర్షన్ కావాలో ఇంకా తేలనే లేదు" అని పక్కనుంచి చిన్నమ్మాయి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుందని ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట నా ల్యాప్‌టాప్ మీద కాఫీ ఒలికింది. ప్రాజెక్టులన్నీ గిట్‌లో (ఫైళ్లలో చేసిన మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) పెట్టి వేరే చోట కూడా ఉంచాను కాబట్టి కోడ్‌కి ఢోకా లేదు. కానీ టెర్మినల్లో (కమాండ్లు టైప్ చేసే చోట) కమాండ్లకు పెట్టుకున్న పొట్టి పేర్లు, ఎడిటర్ సెట్టింగులు, ఎప్పుడో అర్ధరాత్రి ఎక్కడో చదివి మార్చిన ఆ ఒక్క లైను, అన్నీ పోయాయి. ఏమేం ఉండేవో కూడా గుర్తు లేదు. అవసరం పడ్డప్పుడల్లా "అయ్యో, ఇది కూడా లేదే" అనుకోవడమే. అప్పటినుంచి ఏది కావాలన్నా ముందు స్క్రిప్టులో, అంటే కమాండ్లన్నీ వరసగా ఉండే ఫైల్లో, రాస్తాను, తర్వాత స్క్రిప్టునే నడుపుతాను. చేత్తో ఇన్‌స్టాల్ చేయడం మానేశాను.

ఈ సెట్టింగులు చాలావరకు హోమ్ ఫోల్డర్లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లలో ఉంటాయి. డాట్‌ఫైల్స్ అంటారు. మామూలుగా చూస్తే కనబడవు. దీని వెనక కథ యూనిక్స్ బృందంలో పనిచేసిన రాబ్ పైక్ చెప్పాడు. ప్రతి డైరెక్టరీలోనూ (అంటే ఫోల్డర్లోనూ) ఒంటి చుక్క, జంట చుక్క అని రెండు ఎంట్రీలుంటాయి. యూనిక్స్ (పాతకాలపు ఆపరేటింగ్ సిస్టమ్) తొలి రోజుల్లో అవి లిస్టులో రాకూడదని, ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ ప్రోగ్రాంలో చిన్న చెక్ పెట్టారట. పేరంతా చూడకుండా, మొదటి అక్షరం చుక్కేనా అని మాత్రం చూసి ఊరుకున్నారు. దాంతో చుక్కతో మొదలయ్యే ప్రతి ఫైలూ దాక్కుంది. ఎవరో చేసిన బద్ధకం మనకు ఆచారమైపోయింది.

ఈ ఫైళ్లను ఒక ఫోల్డర్లో చేర్చి గిట్‌లో పెట్టండి. వాటి పాత చోట్లలో సిమ్‌లింకులు (అసలు ఫైలు ఎక్కడుందో చూపే గుర్తులు) ఉంటే చాలు. ఆ పనికి జీఎన్‌యూ స్టో ఉంది. ప్యాకేజీలు, అంటే ప్రోగ్రాములు, దించుకోవడానికి ఉబుంటులో (ఒక రకం లినక్స్) ఆప్ట్, మ్యాక్‌లో హోమ్‌బ్రూ. హోమ్‌బ్రూ అయితే కావలసినవన్నీ బ్రూఫైల్లో రాసుకుంటే ఒక్క కమాండ్‌తో దిగుతాయి. మెషీన్లను సెట్ చేసే పెద్ద సాధనాలు అన్సిబుల్, నిక్స్ గొప్పవే కానీ, ఒక్క ల్యాప్‌టాప్‌కి అవి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమని నా లెక్క. నలభై లైన్ల బాష్ (టెర్మినల్ కమాండ్ల భాష) స్క్రిప్టు సరిపోతుంది. (ఆఫీసులో ఈ మాట అని గొడవైతే నా పేరు చెప్పకండి.)

స్క్రిప్టు ఒకసారి నడవడం తేలికే. రెండోసారి నడిపినప్పుడే దాని సంగతి బయటపడుతుంది. నా మొదటి స్క్రిప్టు పాత్ లైనును (ప్రోగ్రాములను ఎక్కడ వెతకాలో చెప్పేది) బాష్‌ఆర్‌సీ అనే బాష్ సెట్టింగుల ఫైలు చివర అతికించేది. మధ్యలో ఏదో ఫెయిలయ్యేది, సరిచేసి మళ్లీ నడిపేవాణ్ని. ఒకరోజు ఆ ఫైలు తెరిస్తే అదే లైను ఒకదాని కింద ఒకటి పదకొండుసార్లు! ఇప్పుడు ముందు గ్రెప్‌తో వెతికి, లేకపోతేనే చేరుస్తున్నాను. ఫోల్డర్ తయారుచేసే ఎంకేడిర్‌కి పి ఆప్షన్ ఇస్తే, అది ముందే ఉన్నా పేచీ పెట్టదు.

సిమ్‌లింకులది ఇంకా తమాషా. ఫోల్డర్‌కి లింకు పెట్టే కమాండ్‌ని రెండోసారి నడిపితే, అది ఉన్న లింకు గుండా లోపలికి దూరి, ఆ ఫోల్డర్లోనే ఇంకో లింకు పెట్టి వస్తుంది. చప్పుడు చేయదు. మూడోసారికి గానీ ఎర్రర్ రాదు. అందుకే లింకు పెట్టే ఆ ఎల్‌ఎన్ కమాండ్‌కి ఎస్, ఎఫ్, ఎన్ మూడు ఆప్షన్లూ కలిపి ఇవ్వాలి. ఎన్నిసార్లు నడిపినా ఫలితం మారకపోతే దాన్ని ఐడెంపొటెంట్ అంటారు. మీ ఇంటర్వ్యూలలో అడుగుతారు కదా, అదే ఇది.

మీ మెషీన్లోనే పరీక్షిస్తే లాభం లేదు, అక్కడ అన్నీ ముందే ఉంటాయి. డాకర్లో (మీ మెషీన్లోనే విడిగా చిన్న మెషీన్ లాంటిది నడిపే సాధనం) ఖాళీ ఉబుంటు తెచ్చుకుని నడపండి. నేను మొదటిసారి అలా నడిపితే మొదటి లైన్లోనే ఆగింది, సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్లు నడిపేది) లేదని. అది వేసి, మళ్లీ నడిపి, టీ తాగి వచ్చాను. స్క్రీన్ మీద ఖండాల జాబితా! మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో నంబరు కొట్టమని టైమ్‌జోన్ ప్యాకేజీ అడుగుతోంది. ఆసియా, ఆ తర్వాత కోల్‌కతా కొడితే గానీ కదల్లేదు. పక్కన మనిషి కాపలా ఉండాల్సినదాన్ని ఆటోమేషన్ అని ఎలా అంటాం? డెబియన్ ఫ్రంట్ఎండ్ అనే వేరియబుల్‌ని నాన్‌ఇంటరాక్టివ్‌గా పెట్టి, ఆప్ట్‌కి వై ఆప్షన్ ఇస్తే ఈ ప్రశ్నలు రావు. మన టైమ్‌జోన్ వేరే లైన్లో మీరే రాసుకోండి. తెలుగు ఫాంట్లు, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు కూడా నా స్క్రిప్టులోనే ఉన్నాయి. ఈ ఉత్తరం వాటితోనే టైప్ చేస్తున్నాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ (వేరే మెషీన్లలోకి వెళ్లడానికి మీ రహస్య తాళంచెవి), టోకెన్లు, పాస్‌వర్డులు ఆ గిట్ ఫోల్డర్లోకి రానివ్వకండి. పొరపాటున కమిట్ చేసి (గిట్‌లో భద్రపరిచి) మర్నాడు తీసేసినా, పాత కమిట్‌లో అలాగే ఉంటుంది. అలా జరిగితే ఆ కీని రద్దు చేసి కొత్తది చేసుకోండి. అసలు కొత్త మెషీన్‌కి కొత్త కీ చేసుకోవడమే మేలు.

చిన్నమ్మాయ్, నీ ప్రాజెక్టుకి ఏ పైథాన్ కావాలో కనుక్కుని, ఆ నంబరు స్క్రిప్టులో రాసుకుని రా. ఇక్కడ పాత ల్యాప్‌టాప్ ఒకటి ఖాళీగా పడి ఉంది. దసరాకి మీరొచ్చేలోపు దాన్ని తుడిచి ఉబుంటు వేసి పెడతాను. ఎవరి స్క్రిప్టు వాళ్లు దాని మీద నడిపి చూపించాలి, రెండేసి సార్లు.

ఉంటాను,
మీ పెదనాన్న