బ్లాక్ గ్రాంట్ లెక్కలు: వర్సిటీల నిధులపై అపోహలు, వాస్తవాలు

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఫైనాన్స్ విభాగంలో పనిచేస్తాను. ఏటా బడ్జెట్ అంచనాలు తయారుచేయడం, మంజూరైన నిధుల విడుదల కోసం ఫైలు వెంట పడటం, వచ్చిన డబ్బుతో జీతాలూ పెన్షన్లూ సర్దడం మా పని. వర్సిటీల పరిస్థితి గురించి పేపర్లలో, టీవీల్లో చాలా చర్చ జరుగుతుంది కానీ డబ్బు ఎలా వస్తుంది, ఒక వర్సిటీకి ఎక్కువ, మరోదానికి తక్కువ ఎందుకొస్తుంది అన్న దగ్గర మాత్రం చదువుకున్నవాళ్లలో కూడా పొరపాటు అభిప్రాయాలు కనిపిస్తాయి. తరచుగా వినేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

అపోహ: ఎక్కువ మంది విద్యార్థులుంటే ఎక్కువ గ్రాంట్ వస్తుంది

రాదు. మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వం వర్సిటీకి ఇచ్చే ప్రధాన సాయం పేరు బ్లాక్ గ్రాంట్. మంజూరైన పోస్టులు ఎన్ని, వాటిలో ఎందరు పనిచేస్తున్నారు, పెన్షనర్లు ఎందరు, నిరుడు ఎంత ఇచ్చారు అన్న లెక్కల చుట్టూనే అది తిరుగుతుంది. మీరు కొత్త కోర్సు పెట్టినా, సీట్లు రెట్టింపు చేసినా గ్రాంట్ దానంతట అది పెరగదు. ఒక్కో విద్యార్థికి ఇంత ఖర్చవుతుంది కాబట్టి ఇంత ఇవ్వాలి అనే సూత్రమేదీ ఇందులో లేదు.

అసమానతకు మూలం ఇక్కడే ఉంది. ఉస్మానియా 1918లో, ఆంధ్రా వర్సిటీ 1926లో, శ్రీవేంకటేశ్వర 1954లో, కాకతీయ, నాగార్జున 1976లో పుట్టాయి. ఆ రోజుల్లో ఒక శాఖ తెరిస్తే ప్రొఫెసర్ నుంచి ల్యాబ్ అటెండర్ దాకా పోస్టులు వెంటే వచ్చేవి. 2006-2008 మధ్య వచ్చినవాటి సంగతి వేరు. నిజామాబాద్‌లో తెలంగాణ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ 2006లో వచ్చాయి. పాలమూరు, శాతవాహన, కృష్ణా, విక్రమ సింహపురి, రాయలసీమ, శ్రీకాకుళం అంబేడ్కర్ వర్సిటీ 2008లో. వీటిలో చాలావరకు అంతకుముందు పెద్ద వర్సిటీల పీజీ కేంద్రాలు. మహబూబ్‌నగర్ కేంద్రం ఉస్మానియాది, ఎచ్చెర్లది ఆంధ్రాది, కడపది శ్రీవేంకటేశ్వరది. పేరు బోర్డు మారింది, వీసీ వచ్చారు, చుట్టుపక్కల కాలేజీల పరీక్షల బాధ్యత మీద పడింది. పోస్టులు మాత్రం పూర్తిస్థాయి వర్సిటీకి సరిపడా మంజూరు కాలేదు.

పోస్టులు తక్కువ కాబట్టి గ్రాంట్ తక్కువ. గ్రాంట్ తక్కువ కాబట్టి పాఠాలు చెప్పేది ఎక్కువగా కాంట్రాక్టు, పార్ట్‌టైం అధ్యాపకులు. వాళ్ల జీతాలకు డబ్బు చాలాచోట్ల పరీక్ష ఫీజుల నుంచి, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల (ప్రభుత్వ సాయం లేకుండా ఫీజులతోనే నడిచేవి) ఫీజుల నుంచి తీయాలి. అంటే ఇంటికి దగ్గరగా ఉందని జిల్లా వర్సిటీలో చేరిన అమ్మాయి, పెద్ద నగరంలో చదివే అమ్మాయి కంటే తన చదువు ఖర్చులో ఎక్కువ వాటా తానే భరిస్తోంది. ఇలా చేయాలని ఎవరూ ఎక్కడా నిర్ణయించలేదు. పాత అంకెకు ఏటా కొంత శాతం కలుపుకుంటూ పోతే చివరికి తేలేది ఇదే. ఈ ఉద్యోగంలో నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం కూడా ఇదే.

అపోహ: పాత వర్సిటీల దగ్గర డబ్బు దండిగా ఉంది

బడ్జెట్ పుస్తకంలో వాటి పేరు ఎదురుగా ఉండే అంకె పెద్దది, నిజమే. అందులో పెన్షన్లకు ఎంత పోతుందో కూడా చూడాలి. 2004 సెప్టెంబరు 1కి ముందు ఉద్యోగంలో చేరినవాళ్లది పాత పెన్షన్ విధానం, అంటే రిటైరయ్యాక నెలనెలా పెన్షన్ వర్సిటీయే ఇవ్వాలి. పెద్ద వర్సిటీల్లో సర్వీసులో ఉన్నవాళ్ల కంటే పెన్షనర్లే ఎక్కువగా ఉన్న పరిస్థితి వచ్చింది. గ్రాంట్ జీతాలకూ పెన్షన్లకూ కలిపి చాలకపోతే మిగతాది సొంత ఆదాయం నుంచి సర్దాలి. దాంతో లైబ్రరీకి జర్నల్స్, ల్యాబ్‌కు రసాయనాలు, హాస్టల్ మరమ్మతులు అన్నీ వాయిదా పడతాయి.

కొత్త వర్సిటీలకు పెన్షన్ భారం తక్కువ, కానీ బోధించేవాళ్లే తక్కువ. కాబట్టి పాతవి కొత్తవాటి వాటా తింటున్నాయనే వాదనను నేను ఒప్పుకోను. పెన్షన్ బాధ్యతను బ్లాక్ గ్రాంట్ నుంచి విడదీసి, ప్రభుత్వోద్యోగుల పెన్షన్ లాగే ఖజానా నుంచి నేరుగా చెల్లిస్తే తప్ప ఏ వర్సిటీ బోధనకు ఎంత అందుతోందో స్పష్టంగా పోల్చలేం.

ఇక ఖాళీల విషయం. దేశంలో ఉన్నత విద్య చదివేవాళ్లలో 80 శాతానికి పైగా రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల పరిధిలోనే ఉన్నారని, వాటిలో అధ్యాపక పోస్టులు 40 శాతానికి పైగా ఖాళీగా ఉన్నాయని 2025 ఫిబ్రవరిలో నీతి ఆయోగ్ నివేదిక చెప్పింది. మన దగ్గర 2023లో ఆంధ్రప్రదేశ్ 3,220 పోస్టులకు నోటిఫికేషన్లు ఇచ్చింది, అవి కోర్టు కేసుల్లో చిక్కుకున్నాయి. తెలంగాణలో వర్సిటీలన్నిటికీ ఉమ్మడి నియామక బోర్డు పెట్టే బిల్లు 2022లో అసెంబ్లీలో పాసైనా దానికి గవర్నర్ ఆమోదం రాలేదు.

అపోహ: బడ్జెట్‌లో పెట్టారంటే డబ్బు వచ్చేసినట్టే

కేటాయింపు వేరు, విడుదల వేరు. బడ్జెట్ పాసయ్యాక ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, అక్కడ క్లియర్ కావాలి. ఏడాది చివర్లో ఉత్తర్వు వచ్చి, బిల్లు పాస్ కాక మార్చి 31 దాటిందంటే ఆ డబ్బు ఆ ఏడాదికి పోయినట్టే. జీతాల పద్దును ఎలాగోలా విడుదల చేస్తారు. భవనాలు, అభివృద్ధి పేరుతో పెట్టిన పద్దులే ఎక్కువగా ఆగుతాయి. బడ్జెట్ ప్రసంగంలో ఫలానా వర్సిటీకి ఇన్ని కోట్లు అని విన్నప్పుడు, రెండేళ్ల తర్వాత వచ్చే పుస్తకంలో అదే పద్దు ఎదురుగా ఉన్న వాస్తవ ఖర్చు అంకె కూడా చూడండి.

అపోహ: రాష్ట్రం ఇవ్వకపోతే యూజీసీ ఇస్తుంది

ఈ నమ్మకం చాలా పాతది, చాలా బలమైనది కూడా. రాష్ట్ర వర్సిటీలకు జీతాలు యూజీసీ (కేంద్రం పెట్టిన విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ఇవ్వదు. కొత్త వేతన స్కేళ్లు వచ్చినప్పుడు కేంద్రం కొంతకాలం చేయి కలుపుతుంది, అంతే. ఆరో వేతన సంఘం స్కేళ్లకు అదనపు ఖర్చులో 80 శాతం 2010 మార్చి దాకా, ఏడో వేతన సంఘానికి 50 శాతం 2019 మార్చి దాకా ఇస్తామంది. ఆ తర్వాత భారమంతా రాష్ట్రాలదే.

అభివృద్ధి నిధుల సంగతి కూడా చెప్పాలి. 1972 జూన్ తర్వాత ఏర్పడిన వర్సిటీ కేంద్ర గ్రాంట్ అందుకోవాలంటే యూజీసీ చట్టం సెక్షన్ 12బీ కింద అర్హత తెచ్చుకోవాలి. దానికి భవనాలు, శాఖలు, శాశ్వత అధ్యాపకులు ఉండాలి. అవి ఉండాలంటే ముందు రాష్ట్రం డబ్బు పెట్టాలి. పంచవర్ష ప్రణాళికల ద్వారా యూజీసీ ఇచ్చే అభివృద్ధి గ్రాంట్లు 2017తో ముగిశాయి. రాష్ట్రాల ఉన్నత విద్యకు కేంద్ర పథకాలుగా 2013లో రూసా, 2023లో దాని స్థానంలో పీఎం-ఉష వచ్చాయి. ఇవి పోటీ పథకాలు. మన రాష్ట్రాల్లాంటి చోట కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలి. రాష్ట్రం తన వాటా ఆలస్యం చేస్తే మొత్తం పని ఆగుతుంది. ఎంపికలో న్యాక్ (ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే సంస్థ) గ్రేడుకు విలువుంటుంది. న్యాక్ చూసేది శాశ్వత అధ్యాపకులు, పీహెచ్‌డీలు, పరిశోధన పత్రాలు. పోస్టులు లేని వర్సిటీ ఇక్కడా వెనకబడుతుంది.

చిన్న వర్సిటీ పీఎం-ఉషలో నెగ్గినా ఆ డబ్బు ప్రధానంగా భవనాలకూ పరికరాలకే. కొత్త ల్యాబ్ వస్తుంది. అందులో పాఠం చెప్పే శాశ్వత అధ్యాపకుడి జీతం మళ్లీ బ్లాక్ గ్రాంట్ నుంచే రావాలి.

అపోహ: హైదరాబాద్ సెంట్రల్ వర్సిటీ బాగుంది కదా, మిగతావాళ్లు ఎందుకు అలా చేయలేరు?

దాని ఖర్చు కేంద్రానిది. ప్రాంతీయ ఉద్యమాల తర్వాత కేంద్రం కుదిర్చిన ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. రాష్ట్ర వర్సిటీని దానితో పోల్చడం న్యాయం కాదు.

అపోహ: సొంతంగా సంపాదించుకోవచ్చు

కొన్ని సంపాదిస్తాయి. ఇంజినీరింగ్ కాలేజీలు వందల్లో అనుబంధంగా ఉన్న జేఎన్‌టీయూ లాంటివాటికి అఫిలియేషన్, పరీక్ష ఫీజుల ఆదాయం ఉంటుంది. చిన్న డిగ్రీ కాలేజీలు మాత్రమే ఉన్న వర్సిటీకి అంత రాదు. ఉన్నత విద్యా సంస్థలు ఖర్చులో కొంత భాగం తామే సంపాదించుకోవాలని 1993లోనే యూజీసీ నియమించిన పున్నయ్య కమిటీ సూచించింది, పదేళ్లలో కనీసం 25 శాతం అంది. కమిటీ చూసింది ప్రధానంగా కేంద్ర నిధులతో నడిచే సంస్థలను. అదే సూత్రాన్ని వెనకబడిన జిల్లా వర్సిటీకి పెడితే భారం పడేది ఫీజు మీదే.

పూర్వ విద్యార్థుల విరాళాలదీ ఇదే తీరు. అమెరికాలో స్థిరపడి ఆడిటోరియం కట్టించగలిగిన పూర్వ విద్యార్థులు పాత వర్సిటీలకు ఉన్నారు. 2008లో పుట్టినవాటి మొదటి బ్యాచ్‌లు ఇంకా ఇంటి లోన్లు కట్టుకునే వయసులోనే ఉన్నాయి. పైగా కష్టపడి కూడబెట్టిన మిగులు వర్సిటీ దగ్గరే ఉంటుందన్న భరోసా కూడా లేదు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్య విశ్వవిద్యాలయం నిధులను ప్రభుత్వ ఆర్థిక సేవల సంస్థకు మళ్లించినప్పుడు అక్కడి ఉద్యోగులు ఆందోళనకు దిగారు. దీనికి తోడు అఫిలియేషన్ ఫీజు మీద 18 శాతం జీఎస్టీ వర్తిస్తుందని 2024లో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టం చేసింది.

అపోహ: నడపలేని చిన్న వర్సిటీలను మూసేయడమే మేలు

2025 ఫిబ్రవరిలో కర్ణాటక మంత్రివర్గ ఉపసంఘం కొత్తగా పెట్టిన 10 వర్సిటీల్లో 9 మూసేయాలని సూచించినప్పటి నుంచి ఇక్కడా ఈ మాట వింటున్నాను. నాకు ఇది అసలు నచ్చదు. దూరం పంపడానికి ఇష్టపడని ఇళ్ల నుంచి పీజీకి వచ్చే ఆడపిల్లలు ఈ వర్సిటీల్లోనే కనిపిస్తారు. అవి మూతపడితే వాళ్లలో చాలామంది హైదరాబాద్‌కో విశాఖకో వెళ్లరు, చదువు ఆపేస్తారు. పోస్టులు ఇవ్వకుండా పదిహేనేళ్లు నడిపి, ఫలితాలు లేవని మూసేస్తామనడం సరైన వాదన కాదు.

ఈ లెక్కలు మీరే చూడొచ్చు. రాష్ట్ర బడ్జెట్ పుస్తకాల్లో 2202 సాధారణ విద్య పద్దు కింద, ఉన్నత విద్య ఉపపద్దులో, 102 అనే సంఖ్యతో ‘విశ్వవిద్యాలయాలకు సాయం’ ఉంటుంది. ప్రతి వర్సిటీ పేరు ఎదురుగా గ్రాంట్ కనిపిస్తుంది. మీ జిల్లా వర్సిటీలో మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, విద్యార్థుల సంఖ్య సమాచార హక్కు దరఖాస్తుతో అడగండి. అదే దరఖాస్తు పాత వర్సిటీకి కూడా పంపి, పెన్షన్ మొత్తం విడిగా చెప్పమనండి. పెన్షన్ తీసేశాక మిగిలిన గ్రాంట్‌ను విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకెను మీ ఎమ్మెల్యే ముందు, ఎమ్మెల్సీ ముందు పెట్టండి. పట్టభద్రుల, ఉపాధ్యాయ నియోజకవర్గాల ఎమ్మెల్సీలు శాసనమండలిలో ఈ ప్రశ్న అడగడానికి ఆ ఒక్క కాగితం చాలు.