రిఫరీ చెవిపోగులు తీయమంటే

పిల్లలూ,

మ్యాచ్‌కి ముందు రిఫరీ మిమ్మల్ని వరసలో నిలబెట్టి, చేతులూ చెవులూ మెడా చూసి, "అవి తీసేసి రండి" అన్నారటగా. అందరి ముందూ తల కొట్టేసినట్టయిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆయనకి మీ మీద కోపమేమీ లేదు. ఫుట్‌బాల్ నియమాల్లో నాలుగోది ఆటగాళ్ళు ఒంటి మీద ఏం వేసుకోవచ్చో చెబుతుంది. గొలుసు, ఉంగరం, చెవిపోగు, ఆఖరికి రబ్బరు బ్యాండు కూడా వద్దంటుంది. మ్యాచ్‌కి ముందు చూడటం రిఫరీ డ్యూటీ. తీయనని మొండికేస్తే హెచ్చరికగా పసుపు కార్డు చూపించాల్సిందే. బాస్కెట్‌బాల్ అంతర్జాతీయ నియమాలు కూడా నగల్ని ఒప్పుకోవు.

నగలన్నిటిలో నాకు ఎక్కువ భయం ఉంగరమంటే. చిన్నదే కదా అనుకుంటారు. గోల్ వలకో, కంచెకో అది చిక్కుకున్న క్షణాన మీరు గాల్లో ఉన్నారనుకోండి, మీ ఒంటి బరువంతా ఆ ఒక్క వేలి మీద పడుతుంది. ఎముక విరగకపోయినా, చర్మాన్నీ లోపలి రక్తనాళాల్నీ మేజోడు విప్పినట్టు లాగేస్తుంది. 2004 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లో జరిగింది వినండి. సెర్వెట్ జట్టు ఆటగాడు పౌలో డియోగో గోల్‌కి పాస్ అందించి, ఆ సంబరంలో అభిమానుల వైపు పరిగెత్తి ఇనుప కంచె ఎక్కాడు. కిందికి దూకేటప్పుడు పెళ్ళి ఉంగరం కంచెకు పట్టుకుంది. మనిషి కిందికొచ్చాడు, వేలి పైభాగం తెగిపోయింది. డాక్టర్లు దాన్ని అతికించలేకపోయారు. పైగా సంబరం శ్రుతి మించిందని రిఫరీ పసుపు కార్డు కూడా చూపించాడు, పాపం!

ఎక్కడా చిక్కుకోకపోయినా ఉంగరంతో ఇంకో తంటా ఉంది. బంతి వేలి కొసకి తగిలితే వేలు గబగబా వాస్తుంది, ఉంగరం మాత్రం సాగదు. రక్తం ఆడక వేలు నల్లబడుతుంది, చివరికి ఉంగరాన్ని కత్తిరించాల్సి వస్తుంది. ఎప్పుడైనా చేతికి దెబ్బ తగిలితే, వాపు రాకముందే ఉంగరం తీసేయండి. ఉంగరం ఊడి రాకపోతే సబ్బునీళ్ళు రాసి, చెయ్యి పైకెత్తి ఉంచి ప్రయత్నించండి. అప్పటికీ రాకపోతే లాగొద్దు, ఆసుపత్రికి వెళ్ళాలి.

"కమ్మ మీద టేపు అంటిస్తే చాలదా తాతయ్యా" అని అడుగుతారని తెలుసు. ఫుట్‌బాల్‌లో ఆ వీలు లేదు. ఒకసారి మీ కమ్మ తీసి చూడండి. ముందు పూస, వెనక సన్నటి శీల. బంతి చెవికి గట్టిగా తగిలితే ఆ శీల కొన చెవి వెనక చర్మంలో గుచ్చుకుంటుంది. టేపు వేస్తే కమ్మ ఎవరి వేలికీ చిక్కుకోదేమో గానీ, దెబ్బ ఆగదు.

టీవీలో పరుగుపందెం వాళ్ళు గొలుసులు వేసుకుంటారుగా అంటారా? వంద మీటర్ల పరుగులో ఎవరి గీతల మధ్య వాళ్ళు పరిగెడతారు, ఒకరి మీద ఒకరు పడరు. మీ ఆట అలాంటిది కాదు. వెనక నుంచి వచ్చినవాడి వేళ్ళు మీ గొలుసులో ఇరుక్కుంటే సన్నటిదైతే తెగుతుంది, లావుదైతే మెడ కోసుకుంటుంది. మీ చేతి గడియారం అంచు మీకు తగలదు, ఎదుటి జట్టు పిల్లాడి కనుబొమకి తగులుతుంది. ఈ సంగతి మనకి తట్టదు, ఎందుకంటే దెబ్బ మనది కాదు.

మధుమేహమో, ఏదైనా మందు పడకపోవడమో ఉందని తెలిపే చేతి పట్టీ వేసుకున్నవాళ్ళ సంగతి వేరు. అది నగ కాదు. ఎవరికీ చెప్పకుండా తీసి బ్యాగులో పడేయొద్దు. ఆట రోజుకి ముందే అమ్మానాన్నల చేత కోచ్‌తో మాట్లాడించండి. మెత్తటి గుడ్డతో కప్పుకుని ఆడొచ్చో లేదో ఆ ఆట నియమాన్ని బట్టి వాళ్ళు తేలుస్తారు. నమ్మకంతో మెడలో వేసుకునేవాటికీ అంతే, ముందుగా అడగడమే మేలు. మైదానంలో వాదన పెట్టుకుంటే ఆట ఆగుతుంది తప్ప ఏమీ తేలదు.

ఇక చిన్నదాని చెవుల సంగతి. కొత్తగా కుట్టించుకున్న చెవి తమ్మె మానడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది, ఈలోగా కమ్మ తీస్తే రంధ్రం పూడిపోవచ్చు. చెవి పైభాగంలో మృదులాస్థి (మెత్తటి ఎముక) దగ్గర కుట్టిస్తే మానడానికి నెలలే. అందుకని పోటీలన్నీ అయ్యాక, సెలవుల మొదట్లో కుట్టించమని అమ్మకి చెప్పాను. తనూ సరేనంది.

ప్రేమతో,
మీ తాతయ్య