పార్కు గీతకు ఇవతల: వానర జాతుల రక్షణ వెనక వందేళ్ల కథ

1921లో కార్ల్ ఏక్లీ అనే అమెరికన్ మధ్య ఆఫ్రికాలోని విరుంగా అగ్నిపర్వతాల దగ్గరికి వెళ్లాడు, గొరిల్లాల్ని తుపాకీతో కాల్చి తేవడానికి. చచ్చిన జంతువుల చర్మాన్ని బతికున్నట్టే నిలబెట్టడం అతని విద్య. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి ఒక గొరిల్లా కుటుంబం కావాలి. అతని బృందం ఐదు గొరిల్లాల్ని చంపింది. ఆ గొరిల్లాలు ఇప్పటికీ ఆ మ్యూజియంలో అద్దాల వెనక నిలబడే ఉన్నాయి. అయితే వాటి ముఖాలు దగ్గరగా చూసిన ఏక్లీ మారిన మనిషై తిరిగొచ్చాడు. వీటిని ఇక ఎవరూ చంపకూడదని పట్టుబట్టాడు. ఆ ప్రాంతం అప్పుడు బెల్జియం వలస పాలనలో ఉండేది. బెల్జియం రాజు ఆల్బర్ట్‌ను ఒప్పించే దాకా అతను వదల్లేదు. 1925లో రాజు పేరు మీద ఆల్బర్ట్ జాతీయ పార్కు ఏర్పడింది. ఆఫ్రికాలో మొట్టమొదటి జాతీయ పార్కు అదే, ఇప్పటి పేరు విరుంగా. మరుసటి ఏడాది మళ్లీ అక్కడికి వెళ్లిన ఏక్లీ జబ్బుపడి చనిపోయాడు. మికెనో పర్వతం వాలులోనే అతన్ని పూడ్చిపెట్టారు.

గొరిల్లాలు, చింపాంజీలు, కోతుల లాంటి వానర జాతుల్ని, వాటి అడవుల్ని కాపాడే సంస్థల చరిత్ర చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి. ఎందుకంటే ఆ పార్కుతో పాటు ఒక ఆలోచన కూడా పుట్టింది. అడవి చుట్టూ గీత గీయాలి, మనుషుల్ని బయటికి పంపాలి, లోపల జంతువుల్ని కాపలా కాయాలి. చాలా దశాబ్దాల పాటు రక్షణ అంటే అదే అనుకున్నారు. ఆ గీత లేకపోతే ఈ రోజు కొండ గొరిల్లా ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. కానీ ఈ సంస్థలు నేర్చుకున్న పాఠాల్లో ఎక్కువ భాగం గీతకు ఇవతలే దొరికాయి, అదీ ఆలస్యంగా, ప్రాణాలు పోయాక.

1960 జులైలో జేన్ గుడాల్ చింపాంజీల్ని గమనించడానికి ఇప్పటి టాంజానియాలో, టాంగన్యీకా సరస్సు ఒడ్డున ఉన్న గోంబెలో అడుగుపెట్టారు. ఆమెను పంపింది మానవ మూలాల మీద పరిశోధించే లూయిస్ లీకీ. ఆయన ప్రోత్సాహంతోనే డయాన్ ఫాసీ కొండ గొరిల్లాల దగ్గరికి, 1971లో బిరూటే గాల్డికాస్ బోర్నియో దీవిలోని ఒరాంగుటాన్ల దగ్గరికి వెళ్లారు. ముగ్గురూ జంతువుల్ని చూసి రాసుకోవడానికి వెళ్లినవాళ్లే. తాము పేర్లు పెట్టుకున్న జంతువులు కళ్లముందే చస్తుంటే, చెట్లు కూలుతుంటే నోట్‌బుక్ పట్టుకుని కూర్చోవడం వాళ్ల వల్ల కాలేదు. ఈ రంగంలోని పెద్ద సంస్థల్లో కొన్ని అలా పుట్టినవే.

ఫాసీ 1967 సెప్టెంబర్‌లో అవే విరుంగా కొండల్లో రువాండా వైపున కరిసోకే పరిశోధన కేంద్రం పెట్టారు. దుప్పుల కోసం వేటగాళ్లు పన్నే ఉచ్చుల్లో గొరిల్లాల చేతులు, కాళ్లు ఇరుక్కునేవి. ఆమె మనుషుల్ని పెట్టి ఆ ఉచ్చుల్ని కోయించారు, దొరికిన వేటగాళ్లతో చాలా కఠినంగా ప్రవర్తించారు. 1977 డిసెంబర్ 31న ఆమెకు ఎంతో దగ్గరైన డిజిట్ అనే మగ గొరిల్లాను వేటగాళ్లు చంపి, తల, చేతులు నరికి పట్టుకుపోయారు. దాని పేరు మీదే ఆమె 1978లో డిజిట్ ఫండ్ పెట్టారు. ఇప్పటి డయాన్ ఫాసీ గొరిల్లా ఫండ్ అదే. 1985 డిసెంబర్‌లో ఫాసీ తన క్యాబిన్‌లోనే హత్యకు గురయ్యారు. ఎవరు చంపారన్నది ఈ రోజుకీ వివాదమే.

ఉచ్చులు కోయడం తప్పనిసరి పని. అది జరుగుతుండగానే అంతకంటే పెద్ద దెబ్బ కాగితాల మీద పడింది. 1960ల చివర్లో రువాండా వైపు పార్కులో దాదాపు 10 వేల హెక్టార్లు తీసేసి పైరెత్రమ్ సాగుకిచ్చారు. పురుగుమందు తయారీకి పనికొచ్చే తెల్లపూల పంట అది. యూరప్ డబ్బుతో నడిచిన అభివృద్ధి పథకం. ఏ వేటగాడూ ఒక్క సంతకంతో అంత అడవిని తీసేయలేడు. 1970ల చివర్లో ఇంకో ముక్క కోసి పశువుల ఫారం పెట్టాలన్న ప్రతిపాదన వచ్చింది. అప్పుడక్కడ పనిచేస్తున్న బిల్ వెబర్, ఎమీ వెడ్డర్ అనే దంపతులు ప్రభుత్వం ముందు ఇంకో లెక్క పెట్టారు: గొరిల్లాల్ని మనుషులకు కొద్దికొద్దిగా అలవాటు చేసి, చిన్న చిన్న గుంపులుగా సందర్శకుల్ని తీసుకెళితే, పశువుల మీద వచ్చేదానికంటే ఎక్కువ ఆదాయం వస్తుంది. ఫాసీకి ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు. మనుషులు దగ్గరైతే గొరిల్లాలకు ప్రమాదమన్న ఆమె భయంలో న్యాయం ఉందని తర్వాత తేలింది కూడా. కానీ అడవిని నిలబెట్టింది మాత్రం ఆ లెక్కే. ఆఫ్రికన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ లాంటి సంస్థలు కలిసి నడిపిన మౌంటెన్ గొరిల్లా ప్రాజెక్ట్ 1979లో మొదలైంది. 1991లో అది ఇంటర్నేషనల్ గొరిల్లా కన్జర్వేషన్ ప్రోగ్రామ్‌గా రువాండా, ఉగాండా, కాంగో మూడు దేశాలకూ విస్తరించింది.

1981లో విరుంగా కొండల్లో లెక్కపెడితే మిగిలినవి 254 గొరిల్లాలు. ఆ తర్వాత యుద్ధాలు వచ్చాయి. 1994 నాటి రువాండా మారణహోమం తర్వాత లక్షల మంది శరణార్థులు పార్కు అంచునే గుడారాలు వేసుకున్నారు. కాంగో వైపు రేంజర్లు ఇప్పటిదాకా 200 మందికి పైగా విధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. సంస్థల వార్షిక నివేదికల్లో ఈ రేంజర్లకు దొరికే చోటు చాలా తక్కువనిపిస్తుంది నాకు. ఇంత జరిగినా 2015-16 లెక్కలో అవే కొండల్లో 604 గొరిల్లాలు కనిపించాయి. ఉగాండాలోని బ్విండిలో ఉన్నవాటిని కలుపుకుంటే ఇప్పుడు వెయ్యి దాటాయి. 2018లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ కొండ గొరిల్లాను 'అత్యంత ప్రమాదంలో ఉన్న' జాబితా నుంచి ఒక మెట్టు దించి 'ప్రమాదంలో ఉన్న' జాబితాలోకి మార్చింది.

ఇదంతా అడవిలో జరిగిన పోరాటం. విమానాశ్రయాల్లో జరిగింది ఇంకొకటి ఉంది, దాని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. పోలియో టీకా తయారీకి, ల్యాబ్ పరీక్షలకు 1950ల్లో భారతదేశం నుంచి ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు విదేశాలకు వెళ్లేవి. 1970ల మొదట్లో బ్యాంకాక్‌లో ఉన్న షర్లీ మెక్‌గ్రియల్ అక్కడి విమానాశ్రయంలో చెక్కపెట్టెల్లో కుక్కిన కోతిపిల్లల్ని చూశారు. 1973లో ఆమె ఇంటర్నేషనల్ ప్రైమేట్ ప్రొటెక్షన్ లీగ్ స్థాపించారు. అడవిలో శిబిరం లేదు, పేరున్న శాస్త్రవేత్త లేడు. ఉన్నది ఉత్తరాలు, రవాణా కాగితాలు, ఏ పెట్టె ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతోందో రాసిపెట్టే ఓపిక. భారత్ నుంచి వెళ్లిన కోతుల్ని వైద్య పరిశోధనకే వాడాలని అమెరికాతో ఒప్పందం ఉండేది. కానీ అమెరికా సైన్యం ఆయుధాలకు సంబంధించిన రేడియేషన్ పరీక్షల్లో వాటిని వాడుతోందని మెక్‌గ్రియల్ ఆధారాలు సేకరించి ప్రధాని మొరార్జీ దేశాయ్‌కి రాశారు. 1978లో భారత్ కోతుల ఎగుమతిని పూర్తిగా ఆపేసింది. మరుసటి ఏడాది బంగ్లాదేశ్ కూడా నిషేధించింది. 1975లో అమల్లోకి వచ్చిన అడవి జంతువుల, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందంలో ఇప్పుడు వానర జాతులన్నీ ఉన్నాయి. చట్టం ఉంది కదా అని దొంగ రవాణా ఆగలేదు. ఒక పిల్లను పట్టాలంటే సాధారణంగా తల్లిని చంపాల్సిందే, కాబట్టి పట్టుబడిన ఒక్కో పిల్ల వెనక లెక్కకు రాని చావులు ఉంటాయి.

అలా పట్టుబడిన పిల్లల్ని ఏం చేయాలి? బోర్నియోలో బార్బరా హారిసన్ 1950ల నుంచే అనాథ ఒరాంగుటాన్ పిల్లల్ని పెంచి అడవికి అలవాటు చేసే ప్రయత్నం చేశారు. 1964లో సెపిలోక్ కేంద్రం మొదలైంది. ఆ తర్వాత ఇలాంటివి చాలా వచ్చాయి. 1997-98లో ఎల్ నినో కరువుకు తోడు, పామాయిల్ తోటల కోసం, ఎండగట్టిన పీట్ నేలల్లో (సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడిన చిత్తడి నేలలు) పంటల కోసం పెట్టిన మంటలు అదుపు తప్పి బోర్నియోను కాల్చేశాయి. కేంద్రాలు పిల్లలతో నిండిపోయాయి. పెంచడం వాళ్లకు బాగా తెలుసు, కానీ వదలడానికి అడవి ఏదీ?

బ్రెజిల్ బంగారు సింహపు టామరిన్ కథలో ఈ ప్రశ్నకు కొంత జవాబు ఉంది. అర కిలోకు కాస్త అటూఇటూగా బరువుండే చిన్న కోతి అది, నిప్పురవ్వ రంగు జూలు. రియో డి జనీరో రాష్ట్రంలో తీరపు అడవి చాలావరకు నరికేశాక 1970ల మొదట్లో అడవిలో దాదాపు 200 మాత్రమే మిగిలాయని అంచనా. బ్రెజిల్ శాస్త్రవేత్త అడెల్మార్ కోయింబ్రా ఫిల్హో ఏళ్ల తరబడి పోరాడాక 1974లో పోసో దాస్ అంతాస్ రిజర్వ్ వచ్చింది. 1984లో జంతు ప్రదర్శనశాలల్లో పుట్టినవాటిని తెచ్చి వదిలారు. పాపం, వాటికి సన్న కొమ్మల మీద నడవడమే తెలియదు. పండు ఎక్కడుంటుందో, దేన్ని చూసి భయపడాలో తెలియదు. మొదట వదిలినవాటిలో చాలా చచ్చిపోయాయి. పంజరంలో పుట్టిన కోతికి అడవిని నేర్పడం ఎంత కష్టమో శాస్త్రవేత్తలకు అప్పుడు అర్థమైంది. కొన్నాళ్లు తిండి అందిస్తూ, వెంట ఉండి చూస్తూ వదిలే పద్ధతికి మారారు. రిజర్వ్ చాలదు కాబట్టి చుట్టుపక్కల పొలాల యజమానుల తలుపు తట్టారు. చాలామంది తమ భూమిలోని అడవి ముక్కల్లో టామరిన్లను వదలడానికి ఒప్పుకున్నారు. 1992లో ఏర్పడిన మికో లియావో దొరాదో (ఈ కోతికి పోర్చుగీసు పేరు) సంఘం ఆ ముక్కల్ని చెట్ల వరసలతో కలిపే పని పట్టుకుంది. పెద్ద హైవే మీద చెట్లు నాటిన వంతెన కూడా వచ్చింది. 2014 నాటికి 3,700 దాకా పెరిగినవి ఎల్లో ఫీవర్‌తో దాదాపు మూడో వంతు పోయాయి. అడవి కోతులకు టీకాలు వేశారు, కోలుకున్నాయి. 2023లో లెక్క 4,800కు చేరింది. ఆ దేశపు 20 రియల్ నోటు మీద ఉన్న బొమ్మ ఈ కోతిదే. రైతుల్ని శత్రువులుగా చూసి ఉంటే ఇది జరిగేది కాదు.

గుడాల్ కూడా అదే చోటుకు ఇంకో దారిలో వచ్చారు. 1977లో ఆమె పేరు మీద ఇన్‌స్టిట్యూట్ ఏర్పడింది. 1990ల మొదట్లో చిన్న విమానంలో గోంబె మీదుగా వెళుతూ కిందికి చూస్తే పార్కు ఒక పచ్చని ముక్క, దాని చుట్టూ గుట్టలన్నీ బోడివి. కట్టెలకు, సాగుకు చెట్లు కొట్టేసుకున్న ఆ ఊళ్ల జనానికి బతకడమే కష్టంగా ఉంది. 1994లో టకారే అనే పథకం మొదలైంది. నర్సరీలు, ఆడవాళ్లకు చిన్న అప్పులు, ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పులు, తాగునీరు, ఏ భూమిని అడవిగా వదలాలో ఊరే కూర్చుని నిర్ణయించుకునే ప్రణాళికలు. 2025 అక్టోబర్ 1న 91 ఏళ్ల వయసులో చనిపోయే వరకూ ఆమె ఊళ్లు తిరుగుతూ మాట్లాడుతూనే ఉన్నారు.

గీత గీసినప్పుడు బయట పడ్డవాళ్ల సంగతి కూడా చెప్పాలి. 1991లో ఉగాండాలోని బ్విండి, మ్గహింగా జాతీయ పార్కులైనప్పుడు తరతరాలుగా ఆ అడవి మీదే బతికిన బట్వా ప్రజల్ని ఖాళీ చేయించారు. చాలామందికి భూమి గానీ పరిహారం గానీ దక్కలేదు. గొరిల్లాల సంఖ్య పెరిగిందని సంతోషించే మనం ఆ సంతోషానికి మూల్యం కట్టినవాళ్లను మర్చిపోతే అన్యాయం. మనుషులకు దగ్గరగా తేవడంలో ఉన్న ప్రమాదం కూడా అక్కడే బయటపడింది. 1996లో బ్విండి గొరిల్లాలకు గజ్జి వచ్చింది. ఒక పిల్ల చనిపోయింది. పార్కు పక్క ఊళ్లలో పొలాల్లోని దిష్టిబొమ్మలకు తొడిగిన పాత బట్టల నుంచి అది అంటుకుని ఉంటుందని అప్పటి పశువైద్యురాలు గ్లాడిస్ కలేమా జికుసోకా గుర్తించారు. ఊళ్లో జనానికి మందు అందకుండా గొరిల్లాలకు మాత్రమే వైద్యం చేస్తే ఏం లాభం? ఆ ప్రశ్న నుంచే 'కన్జర్వేషన్ త్రూ పబ్లిక్ హెల్త్' అనే సంస్థ పుట్టింది. గొరిల్లాల పేడ నమూనాలు, పక్క ఊళ్ల జనం ఆరోగ్యం రెండూ చూడటం దాని పని.

ప్రపంచంలో 500కు పైగా వానర జాతులుంటే సుమారు 60 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని, 75 శాతం జాతుల సంఖ్య తగ్గుతోందని 2017లో వచ్చిన ఒక విస్తృత అధ్యయనం తేల్చింది. మడగాస్కర్ దీవిలో ఉండే లెమూర్లు అనే వానరాల పరిస్థితి ఇంకా దారుణం. 2020 ఐయూసీఎన్ జాబితా ప్రకారం దాదాపు అన్ని జాతులూ ప్రమాదంలోనే ఉన్నాయి. సుమత్రాలోని తపానులి ఒరాంగుటాన్‌ను వేరే జాతిగా గుర్తించింది 2017లో. గుర్తించేనాటికే అవి 800 కంటే తక్కువ. అదే అడవిలో జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టడం మొదలైంది.

2020లో కోవిడ్‌తో పర్యటనలు ఆగిపోయాయి. సందర్శకుల డబ్బు మీద బతికే ఊళ్లకు ఒక్కసారిగా ఆధారం పోయింది. ఆ ఏడాది జూన్‌లో బ్విండిలో రఫికి అనే గొరిల్లాను ఒకతను బల్లెంతో పొడిచి చంపాడు. 17 గొరిల్లాల గుంపుకు అది పెద్ద. తాను చిన్న జంతువుల వేటకే వెళ్లానని, గొరిల్లా మీదికి వస్తే పొడిచానని అతను చెప్పాడు. కోర్టు అతనికి 11 ఏళ్ల జైలుశిక్ష వేసింది. అదే ఏడాది గ్లాడిస్ సంస్థ ఆ ఊళ్లలో ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు త్వరగా కాపుకొచ్చే తిండి మొక్కల నారు పంచడం మొదలుపెట్టింది.