పొగగొట్టానికి చలి కావాలి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో ఇనుప కట్టెల పొయ్యితో ఇల్లు వెచ్చబెట్టుకునేవారికి నడిశీతకాలం కన్నా అక్టోబరే ఎక్కువ చిక్కు. మైనస్ 10 డిగ్రీల్లో చక్కగా మండే పొయ్యి 12 డిగ్రీలకు మొరాయిస్తుంది. కారణం పొగగొట్టంలో ఉంది. లోపలి వేడిగాలి తేలిక, బయటి చల్లగాలి బరువు. ఆ తేడా వల్లే పొగ పైకి లేస్తుంది. ఐదు మీటర్ల గొట్టంలో పొగ 200 డిగ్రీల వేడితో ఉంటే, మైనస్ 10లో ఆ లాగుడు, అంటే పొగను పైకి లాగే ఒత్తిడి, సుమారు 29 పాస్కల్‌లు, 12 డిగ్రీల్లో 24. అదే 12 డిగ్రీల్లో పొగ 100 డిగ్రీలకు చల్లారితే 14కు పడిపోతుంది.

పొగను అలా చల్లార్చేది చాలావరకు మన అలవాటే. గది ఉడికిపోకూడదు, తెల్లవారేదాకా నిప్పు ఆరకూడదు. అందుకని పొయ్యి నిండా మొద్దులు పేర్చి గాలి దారి మూసేస్తారు. కట్టె వేడెక్కితే అందులో చాలా భాగం వాయువుగా మారుతుంది. ఆ వాయువు అంటుకోవాలంటే దాదాపు 600 డిగ్రీల వేడి, సరిపడా గాలి ఉండాలి. అవి లేకపోతే కట్టెలోని శక్తి పొగగా పోతుంది. ముందు పొయ్యి అద్దం గోధుమరంగుకు తిరిగి, తర్వాత నల్లబడుతుంది. గొట్టం లోపల క్రియోసోట్ అనే తారులాంటి మసి జిడ్డుగా పేరుకుంటుంది. ఆ తర్వాత ఎప్పుడో పెద్ద మంట వేసిన రోజున అదే అంటుకుని ఇంటికి ముప్పు తెస్తుంది.

ఉత్ప్రేరకం అమర్చిన పొయ్యిలు ఈ చిక్కును చాలావరకు తీరుస్తాయి. ఉత్ప్రేరకంలోని తేనెపట్టులాంటి చిన్న గదులకు పలాడియం, ప్లాటినం పూత ఉండడం వల్ల పొగ 260 డిగ్రీల దగ్గరే మండుతుంది. కాబట్టి గాలి తగ్గించినా చాలా గంటలు శుభ్రంగా నడుస్తాయి. అయితే ముందు పొయ్యిని బాగా వేడెక్కనివ్వాలి, కట్టెలో తేమ 20 శాతం దాటకూడదు.

మామూలు పొయ్యి ఉన్నవారికి నా సలహా ఒకటే: మూడు నాలుగు ఎండు పేళ్లతో చిన్న మంట, గాలి ధారాళంగా. మంట నిలదొక్కుకున్నాక గాలిని కొద్దికొద్దిగా తగ్గించాలి. ఆ వేడిని దాచుకునే బరువు పొయ్యికి ఉంటే ఇంకా మేలు. కట్టెల కరువు వేధిస్తున్న స్వీడన్‌లో 1767లో క్రాన్‌స్టెట్, వ్రేడే మెలికల పొగదారులతో ఇటుకల పొయ్యిని రూపొందించారు. కాసేపు జోరుగా మండిస్తే చాలు, మంట ఆరాక కూడా ఇటుకలు గంటల తరబడి సెగనిస్తాయి. ఇనుప పొయ్యికి బలపపు రాయి పలకలు తొడిగినా కొంత ఇలాంటి ఫలితమే.

రాత్రికి నిప్పు నిలవాలంటే ఓక్‌లాంటి గట్టి కట్టె బొగ్గులను దగ్గరకు చేర్చి బూడిద కప్పండి. నివురు కింద అవి ఉదయందాకా ఉంటాయి. కానీ బొగ్గులు కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి రంగూ వాసనా ఉండవు. లాగుడు మందగించిన రాత్రి అది గదిలోకి తిరిగి రావచ్చు. కాబట్టి ఆ వాయువును పసిగట్టే అలారం లేని ఇంట్లో నిప్పు ఉంచి నిద్రపోవద్దు.