కుక్కపిల్లకు కాల్షియం సిరప్: ఈ అలవాటు ఎక్కడిది?

ల్యాబ్రడార్ పిల్లనో జెర్మన్ షెపర్డ్ పిల్లనో ఇంటికి తెచ్చిన వారంలోపే కాల్షియం సిరప్ సీసా కూడా వచ్చేస్తుంది. అమ్మినాయన చెప్పాడనో, పక్కింటివాళ్లు వాడారనో రోజూ పెరుగన్నంలో కలిపేస్తారు. కాళ్లు వంకరపోతాయేమోనన్న ఈ టెన్షన్ వెనుక నూరేళ్ల చరిత్ర ఉంది.

1918-19లో లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ అనే వైద్యుడు కుక్కపిల్లల్ని ఇంటి లోపలే ఉంచి, ఎక్కువగా ఓట్స్ లాంటి గింజల తిండి పెట్టి పెంచాడు. వాటికి రికెట్స్ (ఎముకలు మెత్తబడి వంగిపోయే జబ్బు) వచ్చింది. కాడ్ లివర్ ఆయిల్ పడితే ఆ జబ్బు రాలేదు. నిజానికి ఆయన బాధ కుక్కల గురించి కాదు, బ్రిటన్‌లో కాళ్లు వంగిపోతున్న పసిపిల్లల గురించి. ఆ నూనెలో పనిచేసేది విటమిన్ ఎ కాదు, వేరే పదార్థమని 1922లో అమెరికాలో మెక్‌కాలమ్ బృందం తేల్చింది. అదే విటమిన్ డి, తిండిలోని కాల్షియం ఒంటికి పట్టేలా చేసేది. (మనుషుల్లా కుక్కల చర్మం ఎండలో దాన్ని సరిపడా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి.)

లోపం వల్ల జబ్బు వస్తుందన్న మాట అలా పాతుకుపోయింది. ఎక్కువైతే ఏమవుతుందో చూసినవాళ్లు చాలా ఆలస్యంగా వచ్చారు. 1974లో అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో గ్రేట్ డేన్ పిల్లల్లో కొన్నిటికి బలమైన తిండి తిన్నంత పెట్టారు, మిగతావాటికి అందులో మూడింట రెండొంతులే. ఎముకల తిప్పలు కడుపునిండా తిన్నవాటికే ఎక్కువ. తప్పు ప్రొటీన్‌దని చాలామంది అనుకున్నారు, ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. కానీ నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ప్రొటీన్‌ను మాత్రమే మార్చి చూస్తే ఎముకలకు తేడా రాలేదు.

అసలు దోషి అక్కడే దొరికింది. 1985లో హాజెవింకెల్ బృందం గ్రేట్ డేన్ పిల్లలకు తిండిలో మామూలుగా 1.1 శాతం ఉండే కాల్షియాన్ని 3.3 శాతానికి పెంచింది. కీళ్ల దగ్గరి మృదులాస్థి సరిగా ఎముకగా మారలేదు, ముందుకాళ్లు వంగాయి. పెద్ద కుక్క పేగులు అవసరాన్ని బట్టి కాల్షియాన్ని తీసుకుంటాయి. చిన్న కుక్కపిల్ల పేగులకు ఆ అదుపు ఇంకా రాదు, వచ్చిందంతా ఒంట్లోకి పోతూనే ఉంటుంది.

తర్వాత ల్యాబ్రడార్ల వంతు. 48 పిల్లల్ని జంటలుగా విడదీసి, ఒకదానికి రెండోదానికన్నా 25 శాతం తక్కువ పెట్టారు. తక్కువ తిన్నవాటిలో తుంటి కీలు వదులయ్యే జబ్బు తగ్గింది. 2002లో వచ్చిన లెక్కల ప్రకారం అవి సుమారు 1.8 ఏళ్లు ఎక్కువ బతికాయి కూడా.

ఇప్పుడు అమెరికా ప్రమాణాల్లో పెద్ద జాతి పిల్లల తిండికి కాల్షియం గరిష్ఠ పరిమితి 1.8 శాతం. అందుకు తగ్గట్టు చేసిన పప్పీ ఫుడ్ పెడుతూ పైనుంచి సిరప్ పోయడం నా దృష్టిలో డబ్బు పెట్టి జబ్బు కొనడమే. ఒట్టి చికెన్, అన్నం మీద పెరిగే పిల్లల సంగతి వేరు. మాంసంలో భాస్వరం ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. వాటికి నిజంగానే కాల్షియం కావాలి. ఎంతన్నది మాత్రం పిల్ల బరువు, తిండి చూసి వెటర్నరీ డాక్టర్ చెప్పాలి.