కొప్పు ఎటు వాలితే నీళ్లటు

కోనసీమలో మండువా లోగిలి ఇంట్లో ఒక్క పెద్ద వాన చూసినవాళ్లకి జలవిభాజకం అనే పుస్తకాల మాటకి అర్థం చెప్పక్కర్లేదు. ఇంటి కప్పు రెండు వాలులూ కలిసే కొప్పు పెంకు మీద పడ్డ చినుకు ఇవతలికి జారితే మండువాలోకి, అవతలికి జారితే పెరట్లోకి. పైన బెత్తెడే తేడా. నీళ్లని ఇలా రెండు దారులుగా విడదీసే ఎత్తే జలవిభాజకం.

మన గోదారికి అలాంటి కొప్పు సహ్యాద్రి, అంటే పడమటి కనుమలు. తపతి లోయ దక్షిణం నుంచి కన్యాకుమారి దగ్గరి దాకా సుమారు 1,600 కిలోమీటర్ల పొడవు. మధ్యలో చెప్పుకోదగ్గ పెద్ద సందు పాలక్కాడ్ దగ్గరే. నాసిక్ జిల్లా త్ర్యంబకంలో, బ్రహ్మగిరి కొండ మీద గోదావరి పుడుతుంది. అక్కణ్ణుంచి అరేబియా సముద్రం 80 కిలోమీటర్లే. అంత దగ్గరి సముద్రాన్ని వదిలేసి, 1,465 కిలోమీటర్లు తూర్పుకి నడిచి మన దగ్గరికి వస్తుంది. ఆ త్ర్యంబకం కొండల్లోనే పుట్టిన వైతరణి పడమటికి దిగిపోతుంది. ముంబై జనం తాగే నీళ్లలో దాని వాటా పెద్దదే.

ఈ కొప్పుకి రెండు వాలులూ ఒకలా ఉండవు. పడమట నిట్టనిలువు గోడ, తూర్పున సాగదీసిన వాలు. పడమటి వాగులు నిటారుగా దూకుతాయి కాబట్టి కోత వాటిదే ఎక్కువ. లక్షల ఏళ్ల లెక్కలో చూస్తే కొప్పే తూర్పుకి జరుగుతోంది. నైరుతి మబ్బు కూడా ఆ గోడకి తగిలి కొంకణంలోనే కుమ్మరించేస్తుంది. ఇవతల మరాఠ్వాడాకి మిగిలేది కొసరు.

మరి శ్రావణంలో ధవళేశ్వరం దగ్గర ఒరుసుకుంటూ పోయే ఆ ఎర్రనీళ్లెక్కడివి? చాలావరకు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి తెచ్చినవి. పుట్టిల్లు త్ర్యంబకమే అయినా గోదారిని పెంచింది విదర్భ, బస్తర్, ఒడిశా అడవులు. పుష్కరాల సంకల్పంలో వాటి పేర్లు వినపడవు గానీ!

ఇక డెల్టాలో కొండే లేదు, కొప్పెక్కడ? ఇక్కడ ఏరే కొప్పు. వరద ఒడ్డు దాటగానే నీటి జోరు తగ్గుతుంది. బరువైన ఇసుక, ఒండ్రు అక్కడే దిగిపోతాయి. మెత్తటి బంకమట్టి మాత్రం దూరం పోయి పడుతుంది. వేల ఏళ్లు అలా జరిగి, ఏటి పక్క మెరక, లోపలికి పోయేకొద్దీ పల్లం అయ్యాయి. అందుకే పాత ఊళ్లు, కొబ్బరితోటలు మెరకన, వరిచేలు పల్లాన. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్‌కి కలిసొచ్చిందీ ఈ వాటమే. పంటకాలవని మెరక మీద నడిపిస్తే నీళ్లు తోడే పని లేకుండా చేలకి వాటంతటవే పారతాయి.

విచిత్రం ఏమిటంటే, ఏటిగట్టుకి కూతవేటు దూరంలోని చేలో పడ్డ వాన గోదార్లో కలవదు. వెనక్కి తిరిగి మురుగుకాలవ పట్టుకుని, తన దారిన తాను సముద్రానికి పోతుంది. పెద్ద వరదప్పుడు ఆ చేలో నించుని గట్టు వైపు చూడండి. అవతల ఏరు మీ తలకన్నా ఎత్తున పోతుంటుంది.