దాడి జరిగిన తొలి గంటల్లో మనం అనుకునేవి, తర్వాత తేలేవి: న్యూస్ డెస్క్ నుంచి కొన్ని అపోహలు - వాస్తవాలు

ఏ నగరంలో బాంబు పేలినా, తుపాకీ మోగినా తొలి పావుగంటలో మా డెస్క్‌లో వినిపించే మాటలు దాదాపు అవే. కొన్ని ఫోన్ చేసే పాఠకుల నోట, కొన్ని స్టూడియోకి వచ్చే విశ్లేషకుల నోట, కొన్ని మా సబ్ ఎడిటర్ల నోటే. అంతర్జాతీయ వార్తలు దిద్దడం, వైరల్ అయిన ఫొటోలూ వీడియోలూ అసలువో కావో తేల్చడం నా ఉద్యోగం. ఈ పనిలో నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఒకటుంది. ఇలాంటి రోజున ఘటనా స్థలంలో చిక్కుకున్న జనం చాలావరకు నిబ్బరంగానే నడుచుకుంటారు. బెంబేలెత్తిపోయేది తెర ముందు కూర్చున్న మేమూ, మీరూ.

అపోహ: బాంబు పేలితే జనానికి మతి పోతుంది, ఎవరి ప్రాణం వాళ్లు చూసుకుంటారు

'భయాందోళనలతో పరుగులు తీసిన జనం' అనే వాక్యం మా దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఊరి పేరు మార్చి అతికించేస్తాం. జనం పరిగెత్తి ఉండొచ్చు. కానీ పేలుడు జరిగిన చోటు నుంచి దూరంగా పరిగెత్తడం మతి ఉన్నవాడు చేసే పనే కదా!

2005 జూలై 7న లండన్‌లో మూడు భూగర్భ రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. బయటికి వచ్చిన మొదటి కబురు కరెంటు సరఫరాలో ఏదో లోపమని. సొరంగంలో ఉన్నవాళ్లకు ఆ మాత్రం కూడా తెలియదు. చీకటి, పొగ, కదలని రైలు. ఇంకో బాంబు ఉందేమో తెలియదు, సాయం ఎప్పుడొస్తుందో తెలియదు. సినిమాల్లో అయితే ఇక్కడ తొక్కిసలాట చూపిస్తారు. ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డ్రూరీ బృందం బతికి బయటపడినవాళ్లను కలిసి మాట్లాడినప్పుడు తెలిసింది వేరు. నీళ్లు ఒకరి నుంచి ఒకరికి అందాయి. నెత్తురు కారుతున్న చోట దొరికిన గుడ్డతో కట్లు కట్టారు. నడవలేని వాళ్ల పక్కన ముక్కూమొహం తెలియని వాళ్లు కూర్చుని ధైర్యం చెప్పారు. అందరికీ ఒకే ఆపద వచ్చిపడేసరికి అప్పటిదాకా పరాయివాళ్లుగా ఉన్న ప్రయాణికుల్లో 'మనం' అన్న భావన పుట్టిందని డ్రూరీ వివరణ. స్వార్థంగా నెట్టుకుపోయిన సంఘటనలు అసలే లేవని ఆయన అనలేదు. చాలా తక్కువ అన్నారు.

2017 మే 22న మాంచెస్టర్‌లో సంగీత కార్యక్రమం ముగిసి జనం బయటికి వస్తుండగా ఆత్మాహుతి దాడి జరిగి 22 మంది చనిపోయారు. స్ట్రెచర్లు లేకపోతే ప్రకటన బోర్డుల మీద, ఇనుప కంచెల మీద గాయపడినవాళ్లను కిందికి మోసుకొచ్చారు.

మరి జనం నిజంగానే బెదిరి గాయపడిన రోజు లేదా? ఉంది. అదే ఏడాది నవంబర్ 24న, లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో. స్టేషన్ ప్లాట్‌ఫాం మీద ఇద్దరు మగవాళ్లు గొడవపడ్డారు. అది కాస్తా కాల్పులన్న పుకారైంది. ఓ పేరున్న గాయకుడు తానున్న దుకాణంలో ఎవరో కాలుస్తున్నారని ట్వీట్ పెట్టాడు. పరుగుల్లో 16 మంది గాయపడ్డారు. దాడి మాత్రం జరగనే లేదు. ఆ ఏడాది వెస్ట్‌మినిస్టర్, మాంచెస్టర్, లండన్ బ్రిడ్జి దాడుల వార్తలు వరసగా చూసి ఉన్న జనం వాళ్లు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు.

అపోహ: అనుభవమున్న విశ్లేషకులు దాడి తీరు చూసే ఎవరి పనో పసిగడతారు

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. 1995 ఏప్రిల్ 19న అమెరికాలోని ఓక్లహోమా సిటీలో ప్రభుత్వ భవనం ముందు ట్రక్కు బాంబు పేలి 168 మంది చనిపోయారు. 'ఇది పశ్చిమాసియా ముద్ర' అని టీవీల్లో వెంటనే మొదలైపోయింది. జోర్డాన్ మూలాలున్న ఒక అమెరికా పౌరుడిని లండన్ విమానాశ్రయంలో ఆపి వెనక్కి పంపారు. అసలు దోషి తిమోతీ మెక్‌వే అమెరికా మాజీ సైనికుడు. చర్చలు సాగుతున్న సమయానికే అతను పోలీసుల చేతిలో ఉన్నాడు, అదీ వేరే కేసులో. కారుకు నంబర్ ప్లేటు లేదని పేలుడు జరిగిన గంటన్నరకే పట్టుకున్నారు.

2011 జూలై 22న నార్వేలో ఓస్లో, ఉటోయా దీవి దాడుల్లో 77 మంది చనిపోయినప్పుడూ అదే వరస. తొలి గంటల్లో అల్ ఖైదా పేరు మోగిపోయింది. చేసినవాడు నార్వే జాతీయుడు, తీవ్ర రైట్‌వింగ్ ఉగ్రవాది.

అనుమానం ఎప్పుడూ ఒకే దిక్కున తప్పుతుందనుకోకండి. 2004 మార్చి 11న మాడ్రిడ్ రైళ్లలో పది బాంబులు పేలి 190 మందికి పైగా చనిపోతే, స్పెయిన్ ప్రభుత్వం బాస్క్ వేర్పాటువాద సంస్థ ఈటీఏ పేరు చెప్పింది. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి అదే రోజు 1530వ తీర్మానంలో ఈటీఏను పేరు పెట్టి మరీ ఖండించింది. డిటొనేటర్లు, ఖురాన్ పఠనం టేపు ఉన్న వ్యాన్ దొరికిందీ ఆ రోజే. దాడి జిహాదీ ముఠా పని అని తేలింది. భద్రతా మండలి తీర్మానం మాత్రం రికార్డుల్లో అలాగే ఉండిపోయింది.

ఎందుకిలా జరుగుతుందో డెస్క్ వైపు నుంచి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. విశ్లేషకుణ్ని మేం ఎలా పట్టుకుంటామనుకున్నారు? "సార్, పది నిమిషాల్లో లైన్‌లోకి రాగలరా?" అని నలుగురికి ఫోన్ చేస్తాం. ఎవరు ఎత్తితే ఆయనే నిపుణుడు. ఆయన జీవితమంతా ఒక సంస్థ మీదే పరిశోధన చేసి ఉంటే, ప్రతి పేలుడులోనూ ఆ సంస్థే కనిపిస్తుంది. 'ఇప్పుడే ఏమీ చెప్పలేను' అన్న పెద్దమనిషికి రెండోసారి ఫోన్ వెళ్లదు.

ఇక స్క్రోలింగ్ సంగతి. మొదటి అరగంట 'ఫలానా సంస్థ హస్తంపై అనుమానాలు' అని నడుస్తుంది. తర్వాత 'ఫలానా సంస్థ హస్తం?' అవుతుంది. షిఫ్ట్ మారినప్పుడు కొత్తగా వచ్చిన కుర్రాడు అక్షరాలు పట్టడం లేదని ఆ ప్రశ్నార్థకం తీసేస్తాడు. ఎవరూ అబద్ధం రాయలేదు, కానీ అబద్ధం తయారైంది. అందుకే చూసేవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే: విశ్లేషకుడు ఏం చెప్పాడన్నది పక్కన పెట్టండి, ఆయనకెలా తెలిసిందో యాంకర్ అడిగాడా లేదా అన్నది గమనించండి.

అపోహ: లక్షలమంది కలిసి ఫొటోలు జల్లెడ పడితే దోషి త్వరగా దొరుకుతాడు

2013 ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్‌లో బాంబులు పేలాక ఈ ప్రయోగం జరిగింది. రెడిట్ అనే ఆన్‌లైన్ చర్చా వేదికలో వేలమంది ఫొటోల మీద ఎర్ర సున్నాలు చుట్టారు. అంతకుముందు నెల నుంచే కనిపించకుండా పోయిన ఒక విద్యార్థిని నిందితుడిగా తేల్చేశారు. కొడుకు కోసం వెతుకుతున్న ఆ కుటుంబం మీద తిట్ల వాన కురిసింది. ఆ అబ్బాయి మృతదేహం కొద్దిరోజులకు దొరికింది. దాడితో అతనికి ఏ సంబంధమూ లేదు. వృత్తి జర్నలిస్టులు మేమేమైనా మెరుగా అంటే, న్యూయార్క్ పోస్ట్ పత్రిక ఏ పాపం ఎరగని ఇద్దరి ఫొటోను మొదటి పేజీలో అచ్చేసింది. అరెస్టయిపోయాడని పెద్ద ఛానళ్లు చెప్పాయి, అప్పటికి అరెస్టే జరగలేదు.

2015 నవంబర్‌లో పారిస్ దాడుల తర్వాత ఒక కెనడా సిక్కు యువకుడి సెల్ఫీకి ఆత్మాహుతి జాకెట్ తగిలించి, చేతిలోని ట్యాబ్లెట్‌ను ఖురాన్‌గా మార్చి ఎవరో వదిలారు. ఆ బొమ్మ ఒక స్పెయిన్ దినపత్రిక మొదటి పేజీ దాకా ఎక్కింది.

అపోహ: ఫొటోలో కనిపిస్తున్నది అబద్ధం కాదు కదా

ఫొటో అబద్ధమాడకపోవచ్చు. ఆడేది దాని కింద రాసిన మాట. 2017 మార్చి 22న లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్రిడ్జి మీద ఒకడు కారుతో జనాన్ని గుద్దుకుంటూ పోయాక తీసిన ఫొటో ఒకటుంది. నేల మీద గాయపడిన మనిషి, చుట్టూ కొందరు. పక్కనుంచి హిజాబ్ వేసుకున్న ఒక యువతి ఫోన్ చూసుకుంటూ వెళ్తోంది. 'చూడండి, ఈమెకు చీమ కుట్టినట్టయినా లేదు' అన్న అర్థంలో ఒక ఖాతా దాన్ని పెట్టింది. ప్రపంచమంతా తిరిగింది. తాను దిగ్భ్రాంతిలో ఉన్నానని, అక్కడివాళ్లకు సాయం చేయగలనేమో అడిగానని, క్షేమంగా ఉన్నట్టు ఇంటికి ఫోన్ చేశానని ఆ యువతి తర్వాత ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఫొటో తీసిన వ్యక్తి కూడా ఆమె మొహంలో భయమే కనిపించిందన్నాడు. అదే వరసలో తీసిన ఇంకో ఫొటోలో ఆ భయం స్పష్టంగా ఉంది, కానీ దాన్నెవరూ పంచుకోలేదు.

అసలు కొసమెరుపు నవంబర్‌లో బయటపడింది. టెక్సాస్ దేశభక్తుడిగా చెప్పుకున్న ఆ ఖాతా రష్యా నుంచి నడిచింది.

ఇలాంటి ఫొటో చేతికొస్తే మేం చేసేది మూడు ముక్కల్లో చెప్పొచ్చు. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌తో పాత ఫొటో కాదని తేల్చుకుంటాం. తీసిన మనిషిని పట్టుకుంటాం. దానికి ముందూ వెనకా తీసినవి అడుగుతాం. మూడోదే అన్నిటికంటే పనికొస్తుంది.

అపోహ: అంతా లైవ్‌లో చూపిస్తే జనం అప్రమత్తమవుతారు

2008 నవంబర్ 26న ముంబైలో దాడి మొదలై దాదాపు మూడు రోజులు సాగింది. 166 మంది చనిపోయారు. పాకిస్తాన్‌లో కూర్చున్న సూత్రధారులు మన ఛానళ్లే చూస్తూ, హోటళ్లలో ఉన్నవాళ్లకు ఫోన్లో ఎప్పటికప్పుడు సూచనలిచ్చారు. రికార్డయిన ఆ సంభాషణలు కోర్టు ముందుకొచ్చాయి. ప్రత్యక్ష ప్రసారాలు భద్రతా బలగాల పనిని మరింత ప్రమాదంలోకి నెట్టాయని 2012లో కసబ్ అప్పీలు తీర్పులో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2015లో కేబుల్ టీవీ నిబంధనలు మార్చి, ఉగ్రవాద నిరోధక ఆపరేషన్ ముగిసేదాకా అధికారి ఇచ్చే వివరాలు తప్ప లైవ్ చూపకూడదన్నారు. ఛానళ్లకు కళ్లెం పడింది గానీ, ప్రతి జేబులోనూ ఓ కెమెరా ఉన్న ఈ రోజుల్లో ఆ నిబంధన సగం పనే చేస్తుంది.

చూసేవాళ్ల సంగతీ ఉంది. బోస్టన్ పేలుళ్ల తర్వాతి వారం రోజుకు ఆరు గంటలు, అంతకు మించి ఆ వార్తలే చూసినవాళ్లలో తీవ్ర ఒత్తిడి లక్షణాలు పేలుళ్లకు ప్రత్యక్షంగా గురైనవాళ్ల కంటే ఎక్కువగా కనిపించాయని ఒక పరిశోధన 2014లో వచ్చింది. తిప్పి తిప్పి అదే క్లిప్ వేసేవాళ్లం మేమే కాబట్టి మా పరిశ్రమలో దాని గురించి పెద్దగా మాట్లాడుకోరు.

అపోహ: దాడి తర్వాత దేశం మొత్తం ఒక్కటవుతుంది, నాయకుడి వెనక నిలబడుతుంది

కొన్నిసార్లు. 2001 సెప్టెంబర్ 11 తర్వాత జార్జ్ బుష్‌కు ఆమోదం గ్యాలప్ సర్వేలో 90 శాతానికి చేరింది. మాడ్రిడ్‌లో దాడి జరిగిన మూడు రోజులకే ఎన్నికలు. ఈటీఏ మాటను పట్టుకుని వేలాడిన పాలక పక్షం ఓడిపోయింది.

ఆ 'ఒక్కటవడం'లో అందరికీ చోటు ఉండదు కూడా. ఎఫ్‌బీఐ లెక్కల్లో ముస్లింలపై విద్వేష నేరాలు 2000లో 28 నమోదైతే 2001లో 481కి చేరాయి. సెప్టెంబర్ 11 జరిగిన నాలుగు రోజులకు అరిజోనాలో తలపాగా చూసి ఒక సిక్కు పెట్రోలు బంకు యజమానిని కాల్చి చంపారు.

మర్నాడే రైళ్లెక్కిన జనాన్ని చూసి 'ఈ నగరం తలవంచదు' అని రాయడం కూడా మాకు మహా ఇష్టం. 2006 జూలై 11న ముంబై లోకల్ రైళ్లలో పేలుళ్ల తర్వాత అలాంటివి ఎన్ని రాలేదు! వాళ్లలో చాలామంది పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి రాదు కాబట్టి ఎక్కారు. దాన్ని ధైర్యమనే అనండి, కాదనను. కానీ స్టేషన్లలో భద్రత ఏమైందన్న ప్రశ్న ఆ పొగడ్త కింద పడి నలిగిపోతుంది.

అపోహ: అన్ని దాడులకూ స్పందన ఒకటే

కాదు. 2015 పారిస్ దాడులకు ఒక రోజు ముందు లెబనాన్ రాజధాని బీరూట్‌లో జంట ఆత్మాహుతి దాడుల్లో 40 మందికి పైగా చనిపోయారు. క్షేమంగా ఉన్నామని అయినవాళ్లకు తెలిపే 'సేఫ్టీ చెక్'ను ఫేస్‌బుక్ పారిస్‌కు తెరిచింది, బీరూట్‌కు తెరవలేదు. విమర్శలొచ్చాక విధానం మార్చుకుంది. అమెరికాలో 2006 నుంచి 2015 దాకా జరిగిన దాడుల వార్తలను పోల్చిన ఒక అధ్యయనంలో, దాడి చేసినవాడు ముస్లిం అయితే సగటున 357 శాతం ఎక్కువ వార్తలు వచ్చాయని తేలింది.

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపిన వ్యక్తి దాన్ని ఫేస్‌బుక్‌లో లైవ్ ఇచ్చాడు. తొలి 24 గంటల్లో ఆ వీడియో 15 లక్షల కాపీలను తొలగించామని కంపెనీ చెప్పింది. అతని పేరు తన నోట రానివ్వనని అప్పటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులో అన్నారు. నేరస్తుడి పేరు రాయకపోతే వార్త అసంపూర్ణమని వాదించే సీనియర్లు మా దగ్గరా ఉన్నారు. ఒకసారి రాయాలి, నిజమే. ప్రతి పేరాలో, ఫొటోతో సహా ఎందుకు?

అపోహ: వారం తిరిగేసరికి ఏం జరిగిందో తేలిపోతుంది

లండన్ 2005 దాడుల మీద మరణ విచారణ 2011లో ముగిసింది. నార్వేలో స్వతంత్ర కమిషన్ నివేదిక 2012లో వచ్చింది. పోలీసులు ఉటోయాకు ఇంకా ముందే చేరి ఉండొచ్చని చెప్పింది. మాంచెస్టర్ బహిరంగ విచారణ చివరి సంపుటం 2023లో విడుదలైంది.

మాంచెస్టర్ దాడి జరిగిన వారం అత్యవసర సేవలను అందరూ ఆకాశానికెత్తారు. నేనూ అలాంటి కాపీలే దిద్దాను. 2022లో వచ్చిన రెండో సంపుటం చదివితే, పేలుడు జరిగిన గదిలోకి తొలి 40 నిమిషాల్లో వెళ్లింది ఒకే ఒక్క పారామెడిక్ అని, అగ్నిమాపక సిబ్బంది రావడానికి రెండు గంటలు దాటిందని తెలుస్తుంది. చనిపోయినవారిలో ఒకరు సకాలంలో సాయం అందితే బహుశా బతికేవారని కూడా అందులో ఉంది. ఆ వారం నేను విన్న చర్చలన్నీ మతం గురించి, వలసల గురించి. స్ట్రెచర్లు ఎందుకు రాలేదని అడిగిన ప్యానెల్ ఒక్కటీ గుర్తులేదు. నివేదిక వచ్చిన రోజున మేం దానికి లోపలి పేజీలో రెండు కాలమ్‌లు ఇచ్చాం.